ఎడ్విన్: ఆ పేరు, ఆ రాజు

“అయ్యగారూ, బాబుకి ఎడ్విన్ అని పెట్టుకున్నామండి. ఈ పేరు బైబిల్లో ఎక్కడుందండీ?” బిడ్డను ప్రతిష్ఠించడానికి తెచ్చే తల్లిదండ్రులు ఈ మాట అడుగుతుంటారు. అడిగేటప్పుడు వారి గొంతులో కొంచెం భయం కూడా ఉంటుంది. బైబిల్లో లేదు. ఇది పాత ఇంగ్లీషు పేరు. మొదటి సగానికి సంపద, భాగ్యం అని అర్థం, రెండో సగానికి స్నేహితుడు అని. ఎడ్వర్డ్, ఎడ్మండ్, ఎడ్గర్ పేర్లలో ముందున్నదీ ఆ భాగ్యమే. మాటలో క్రైస్తవ అర్థమేమీ లేదు. దానికి క్రైస్తవ చరిత్ర ఒక మనిషి వల్ల వచ్చింది.

ఆయన ఉత్తర ఇంగ్లండులోని నార్తంబ్రియా రాజు. అన్యుడు. భార్య ఎథెల్‌బర్గా కెంట్ రాజకుమార్తె, విశ్వాసి. ఆమెతోపాటు పౌలినస్ అనే బోధకుడు వచ్చాడు. 626లో ఈస్టర్ రోజున శత్రురాజు పంపిన హంతకుడు విషపు కత్తితో ఎడ్విన్ మీద పడ్డాడు. లిల్లా అనే సేవకుడు తన శరీరాన్ని అడ్డుపెట్టి చనిపోయాడు. ఆ రాత్రే రాణి ఆడబిడ్డను కన్నది. తనమీదికి హంతకుణ్ణి పంపినవానిపై జయమిస్తే క్రీస్తును సేవిస్తానని రాజు మాట ఇచ్చి, ఆ బిడ్డ ఈన్‌ఫ్లెడ్‌ను పెంతెకొస్తు నాడు బాప్తిస్మానికి అప్పగించాడు.

జయం వచ్చింది. అయినా ఆయన వెంటనే బాప్తిస్మం తీసుకోలేదు. విగ్రహాలను మాత్రం విడిచిపెట్టి, చాలాసేపు ఒంటరిగా, మౌనంగా కూర్చుని ఆలోచించేవాడని 731లో చరిత్ర రాసిన బీడ్ అంటాడు. (మన కూటాల్లో చేతులెత్తడానికి రెండు నిమిషాలిచ్చి లెక్క రాసుకుంటాం.) తరువాత పెద్దలను పిలిచి అడిగాడు. వారిలో ఒకడు మనిషి బ్రతుకును చలికాలపు రాత్రి వెచ్చని సభాశాలలో ఒక ద్వారాన దూరి మరో ద్వారాన వెళ్లిపోయే పిచ్చుకతో పోల్చాడు. ముందేమిటో, తరువాతేమిటో మనకు తెలియదు, ఈ బోధ అది చెప్పగలిగితే విందాం అన్నాడు. 627 ఏప్రిల్ 12న, ఈస్టర్ నాడు, యార్కులో త్వరత్వరగా కట్టిన చెక్క మందిరంలో రాజు బాప్తిస్మం పొందాడు.

ఆరేళ్లకే, 633లో, యుద్ధంలో చంపబడ్డాడు. రాణి, పౌలినస్ కెంటుకు పారిపోయారు. సంఘం చెదిరిపోయింది.

1066లో నార్మన్లు వచ్చాక ఈ పేరు వెనకబడి, 19వ శతాబ్దంలో మళ్లీ వాడుకలోకి వచ్చింది. ఢిల్లీలో నిజాం కోసం హైదరాబాద్ హౌస్‌కు రూపకల్పన చేసిన లుట్యెన్స్ పేరూ ఎడ్వినే.

కాబట్టి ఆ తల్లిదండ్రులతో పేరు మార్చవద్దనే చెబుతాను. బాబు పెద్దయ్యాక లిల్లా సంగతి కూడా చెప్పమంటాను. ఈన్‌ఫ్లెడ్ సంగతీ చెప్పాలి. పారిపోయిన ఆ పసిపిల్ల రాణిగా నార్తంబ్రియాకు తిరిగివచ్చింది. ఎడ్విన్‌తోపాటు బాప్తిస్మం పొందిన బంధువుల పిల్ల హిల్డా విట్‌బీలో మఠం స్థాపిస్తే, ఆమె తరువాత దాన్ని నడిపినవారిలో ఈన్‌ఫ్లెడ్ ఒకరు.