ఎత్తకూడదన్న చెయ్యి

పల్నాడులోని నడికుడి జంక్షన్‌లో రెండు రైలుదారులు కలుస్తాయి. గుంటూరు నుంచి మాచర్లకు పోయేది పాతది. బీబీనగర్ వైపు నుంచి కృష్ణ దాటి వచ్చేది 1980ల చివర్లో పూర్తయింది. పల్నాడులో రొమ్ము క్యాన్సర్ బయటపడిన మనిషికి పెద్దాసుపత్రి దారులు కూడా ఈ రెండే: ఒకటి గుంటూరు, రెండోది హైదరాబాదు. హైదరాబాదులో ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి 1955 నాటిది, బసవతారకం ఆసుపత్రి 2000లో తెరుచుకుంది. 2007లో ఆరోగ్యశ్రీ ఉచిత వైద్య పథకం వచ్చాక ఆపరేషన్ ఖర్చుకు భయపడి ఇంట్లోనే ఉండిపోవడం కొంత తగ్గింది. గుంటూరు ప్రభుత్వాసుపత్రిలో నాట్కో ట్రస్టు కట్టించిన క్యాన్సర్ విభాగం 2020లో మొదలైంది. ఆపరేషన్ దాకా చరిత్ర ఇలా తేదీలతో సహా దొరుకుతుంది. కుట్లు విప్పించుకుని ఊరికి తిరిగొచ్చిన మనిషి చేతికి తర్వాత ఏమైందన్నది ఎవరూ పెద్దగా రాయలేదు.

పల్నాడులో ఆ చెయ్యే ఇంటి ఆదాయం. మిరపకాయ కొయ్యాలి, కల్లంలో ఆరబోసి తాలు ఏరాలి, పత్తి తియ్యాలి. పత్తికాయ డొప్పల మొనలు వేళ్లను గీస్తూనే ఉంటాయి. రొమ్ముతో పాటు చంకలోని శోషరస గ్రంథులను కూడా తీసేస్తే చేతినుంచి పైకి పోవాల్సిన ద్రవానికి దారి ఇరుకవుతుంది. కొందరికి నెలల్లో, కొందరికి ఏళ్ల తర్వాత చెయ్యి బరువెక్కుతుంది, గాజులు బిగుస్తాయి, వాపు నిలిచిపోతుంది. ఆ చేతికి చిన్న గీత పడినా చీము, జ్వరం దాకా పోవచ్చు. అలాంటి ప్రతి జ్వరం వాపును ఇంకో మెట్టు ఎక్కించవచ్చు. చంక గ్రంథులన్నీ తీసినవాళ్లలో దాదాపు ఐదుగురిలో ఒకరికి ఈ వాపు వస్తుందని 2013లో ప్రపంచవ్యాప్త అధ్యయనాలను కలిపి చూసిన పరిశోధకులు తేల్చారు. మొదటి ఒకటి రెండు గ్రంథులను మాత్రమే తీసి పరీక్షించే పద్ధతిలో అది సుమారు ఆరు శాతం. జబ్బు ముదిరాక వచ్చినవాళ్లకు ఆ చిన్న ఆపరేషన్ సరిపోదు.

బాల్టిమోర్ సర్జన్ విలియం హాల్‌స్టెడ్ రొమ్మునూ ఛాతీ కండరాలనూ చంక గ్రంథులనూ కలిపి తీసే పద్ధతిని 1894లో ప్రకటించాడు. తర్వాత డెబ్భై ఏళ్లకు పైగా ప్రపంచం ఆ దారినే నడిచింది. ఆపరేషన్ తర్వాతి చేతి వాపును బోదకాలుతో పోలుస్తూ 1921లో వ్యాసం రాసింది కూడా ఆయనే. తన కత్తి మిగిల్చిన బాధను కాగితం మీద పెట్టిన నిజాయితీ ఆయనది. కానీ ఆ తర్వాతి వైద్యం అంత నిజాయితీగా సాగలేదు. బరువెత్తొద్దు, బిందె పట్టొద్దు, చేతికి శ్రమ ఇవ్వొద్దు అన్న జాగ్రత్తలు పాఠ్యపుస్తకాల్లోకి ఎక్కాయి. పని ఎక్కువైతే రక్తప్రసరణ పెరిగి, ఇరుకైన దారిమీద భారం పడుతుందన్నది తర్కం. వినడానికి బాగానే ఉంటుంది. చాలాకాలం ఎవరూ పరీక్షించి చూడలేదు.

ఈలోగా వాపును తగ్గించే విద్య వేరే దారిలో పెరిగింది. మర్దన, బిగుతు కట్టు, చర్మ సంరక్షణ కలిపిన చికిత్సను 19వ శతాబ్దం చివర్లోనే సర్జన్ వినివార్టర్ వివరించాడు. డెన్మార్క్ దంపతులు ఎమిల్, ఎస్ట్రిడ్ వోడర్ 1930లలో మృదువైన మర్దనకు ఒక క్రమం ఏర్పరిచారు. జర్మనీలో మైకేల్ ఫోల్డి వీటన్నిటికీ వ్యాయామాన్ని జోడించి ఒకే చికిత్సగా నిలబెట్టాడు. అయినా అక్కడి వ్యాయామం కట్టు లోపల చేతిని మెల్లగా కదిలించడమే.

కట్టుబాటు తెగింది వాంకూవర్‌లో. క్రీడా వైద్యుడు డాన్ మెకెంజీ 1996లో రొమ్ము క్యాన్సర్ నుంచి కోలుకున్న 24 మంది మహిళలను డ్రాగన్ పడవ ఎక్కించి తెడ్లు వేయించాడు. అప్పటి వైద్యం పూర్తిగా వద్దన్న పని అది. ఎవరికీ కొత్తగా వాపు రాలేదు. 24 మందితో శాస్త్రం మారదు, అనుమానం మాత్రం పుట్టింది. దాన్ని తేల్చింది కాథరిన్ ష్మిట్జ్ బృందం. ఫిలడెల్ఫియాలో అప్పటికే చెయ్యి వాచిన 141 మందిని చీటీ తీసినట్టు రెండు జట్లు చేశారు. ఒక జట్టు ఏడాదిపాటు వారానికి రెండుసార్లు, బిగుతు స్లీవ్ తొడుక్కుని, బరువును అంచెలంచెలుగా పెంచుతూ ఎత్తింది. 2009లో ఫలితాలు వచ్చాయి: వాపు ఉధృతమైనవాళ్లు బరువెత్తినవారిలో 14 శాతం, ఎత్తనివారిలో 29 శాతం. చేతి పరిమాణం పెరిగినవాళ్ల లెక్కలో రెండు జట్లకూ తేడా దాదాపు లేదు. కాబట్టి ఈ వ్యాయామంతో చేతి వాపు కరిగిపోతుందని చెప్పకూడదు. ముదరడం తగ్గుతుంది, బలం పెరుగుతుంది. 2021లో వెలువడిన బ్రిటన్ అధ్యయనం 392 మందిలో, ఆపరేషన్ అయిన వారం పది రోజులకే ఫిజియోథెరపిస్టు చేయించే వ్యాయామం మొదలుపెట్టినవారికి ఏడాది తర్వాత చెయ్యి మెరుగ్గా పనిచేసిందని చూపింది.

ఇందులో వింతేమీ లేదు. శోషరసాన్ని నెట్టడానికి గుండెలాంటి పంపు వేరే లేదు. నాళాల గోడలు తమంతట తాము కొంత పిండుతాయి. మిగతా పని చుట్టూ ఉన్న కండరానిది, లోతైన శ్వాసది. కదలని చేతిలో కండరం చేసే ఆ సాయం ఆగిపోతుంది.

విశ్రాంతి సలహాను ఇంకో కోణంలోనూ చూడాలి. అది ఇంట్లో పని చేసిపెట్టే వేరే చేతులున్నవాళ్లకు సరిపోయే సలహా. మిరప చేలో కూలికి పోయే మనిషి దాన్ని పాటించలేదు, పాటించలేదన్న తప్పు మాత్రం నెత్తినేసుకుంటుంది. అలాగని పొలం పనే వ్యాయామం అనుకోవడం కూడా పొరపాటే. అధ్యయనాల్లో బరువు కొద్దికొద్దిగా పెరిగింది, చెయ్యి వాచినవాళ్లు స్లీవ్ తొడిగారు, చూసుకునే మనిషి పక్కన ఉన్నారు. నలభై కిలోల మిరపకాయల టిక్కీని (బస్తాని) ఒక్కసారిగా లేపడం వేరు. పిడికిలి ముడిచి విప్పడం, గోడమీద వేళ్లతో పైకి పాకించడం, భుజం తిప్పడం, కడుపు నిండా ఊపిరి తీయడం — అక్కడ మొదలై మెల్లగా బరువుల దాకా రావాలి.

స్లీవ్ ధర, ఏప్రిల్ ఎండలో దాన్ని తొడుక్కునే ఇబ్బంది చిన్నవి కావు. అయితే దక్షిణాదిలో తక్కువ ఖర్చు దారి ఒకటి ఇప్పటికే ఉంది. కేరళలోని కాసరగోడులో 1999లో మొదలైన అప్లైడ్ డెర్మటాలజీ ఇన్‌స్టిట్యూట్ బోదకాలు రోగులకు సబ్బుతో కడగడం, చర్మానికి పూత, యోగ శ్వాస, కదలికలు, కట్టు కలిపి నేర్పింది. ఆలప్పుళ, గుల్బర్గా జిల్లాల్లో ఊళ్లకే తీసుకెళ్లింది. ఫైలేరియా కార్యక్రమాల్లో కాలు కడుక్కోవడం, తుడుచుకోవడం, వేళ్ల సందులు చూసుకోవడం, మడమ ఎత్తి దించడం నేర్పిన అనుభవం మన ఆరోగ్య సిబ్బందికీ ఉంది. ఆ పాఠంలో చాలా భాగం చేతికీ పనికొస్తుంది. క్యాన్సర్ కాగితాలతో రైలు దిగిన మనిషికి దాన్ని నేర్పడానికి కావాల్సింది ఒక ఫిజియోథెరపిస్టు, ఒక కొలత టేపు, నెలకోసారి చెయ్యి చుట్టుకొలత రాసుకునే పుస్తకం.