బందరు సెయింట్ మేరీస్ చర్చి: రాతిమాట, నోటిమాట

మన గ్రంథాలయ రజతోత్సవ సంచికకు చరిత్ర వ్యాస మొకటి వ్రాయవలసినదని కార్యదర్శిగారు ఆదేశించిరి. నేను గ్రామ లెక్కలు వ్రాయువాడనే గాని చరిత్రకారుడను గాను. అయినను హద్దురాళ్లను పరిశీలించుట నా వృత్తి గనుక, బందరులోని ఒక సమాధిరాతిని గూర్చి పాఠక మహాశయులకు నాలుగు మాటలు విన్నవించుకొందును.

గోలకొండ కుతుబ్‌షాహీల కాలమున బందరు తూర్పుతీరమునకు ముఖ్యమైన రేవు. ఇచ్చటి అద్దకపు వస్త్రములు పారశీక దేశమునకును, అంతకు దూరదేశములకును ఎగుమతి యగుచుండెడివి. ఆ వ్యాపారము నాశించి 1605లో డచ్చివారు, 1611లో ఆంగ్లేయులు, 1669లో ఫ్రెంచివారు వచ్చిరి. 1750లో ఫ్రెంచివారి వశమైన కోటను 1759 ఏప్రిలు మాసమున కర్నల్ ఫోర్డు రాత్రివేళ దాడి చేసి పట్టుకొనెను. నాటినుండి కుంపిణీ సేనలు బందరులో నిలిచినవి. సేనల వెంట దొరల కుటుంబములు వచ్చెను. పల్లపు నేలల జ్వరములు వారిని బలిగొనెను.

సెయింట్ మేరీస్ చర్చి కట్టించినవాడు కుంపిణీవారి మదరాసు సైన్యములోని మేజర్ జనరల్ జాన్ పేటర్. ఇందు అరబెల్లా రాబిన్సన్ అను యువతి సమాధి కలదు. ఆమె 1809లో మరణించెను. వీరిరువురును ప్రేమించుకొనిరనియు, ఆమె తండ్రి వివాహమున కంగీకరింపలేదనియు, ఆమె గతించిన పిమ్మట జనరలు ఆమె దేహమును అద్దపు పెట్టెలో భద్రపరచి, ఆమె స్మృతికై ఈ ఆలయమును నిర్మించెననియు బందరు ప్రజలు కథగా చెప్పుకొందురు.

రాతిమీది పేరును, సంవత్సరమును సాక్ష్యములు. అద్దపు పెట్టె నోటిమాట. లెక్కలు వ్రాయువాడు ఈ రెంటిని ఒకే కాలములో చేర్చరాదు. అట్లని నోటిమాటను త్రోసివేయుటయు తగదు. హద్దురాయి కూలినచోట ముసలి రైతు చూపిన తుమ్మచెట్టే హద్దును నిలిపిన సందర్భములు నా యనుభవములో నున్నవి.

ఇక రాయి లేనివారి సంగతి. 1864 నవంబరు 1వ తేదీ రాత్రి ఉప్పెన బందరును ముంచివేసెను. పట్టణమునను, చుట్టుపట్ల పల్లెలలోను సుమారు 30,000 మంది మరణించిరి. కుంపిణీ కాలమునాటి సేనాపతి మనసుపడిన యువతికి ఒక ఆలయము దక్కెను. ఆ 30,000 మందిలో అత్యధికులకు పేరు చెక్కిన పలకయైనను దక్కలేదు. వారు మన వారు. మన పొలములలో నాట్లు వేసినవారు, పడవలు నడిపినవారు, మగ్గము నేసినవారు. వారి పేర్లు నోటిమాటగానైన మిగులలేదు.

1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచినప్పుడు సుమారు 10,000 మంది మృతిచెందిరి. అప్పటికి నేను బాలుడను. ఆనాటి మాటలు చెప్పగలవారు మన యూరిలో నేటికిని కొందరున్నారు. పదియేండ్లు గడచిన, వారును ఉండరు.

ధనవంతుడు రాతితో జ్ఞాపకము నిలుపును. రాబర్టు నోబుల్ దొర 1843లో బందరున ఒక పాఠశాల స్థాపించి చదువుతో నిలిపెను. అదియే కాలక్రమమున నోబుల్ కళాశాల యయ్యెను. మనకు రాయి కొను శక్తి లేకున్నను, కాగితమును కలమును కలవు. కావున నా మనవి ఒక్కటే. ఈ రజతోత్సవ శుభసమయమున మన గ్రంథాలయమున నొక తెల్ల పుస్తకము నుంచవలెను. ప్రతి యింటివారును ఉప్పెనలలో గతించిన తమవారి పేరు, ఊరు, వృత్తి, కలిగినంతలో వయస్సు అందు వ్రాయవలెను. తెలిసినది తెలిసినట్లు, విన్నది విన్నట్లు వేరువేరు గడులలో వ్రాసిన చాలును. ఆ గడులు గీయు పని నాకు వదలుడు. అది నాకు చేతనైన విద్య.