ఎఫ్రాయిము పేరు వెదకినవారు

గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెములో బెనె ఎఫ్రాయిము అనువారున్నారు. వీరు మాదిగలు, పూర్వము బాప్టిస్టు సంఘస్థులు. 1980 దశకము చివర తాము యూదులమని వెల్లడించి, 1991లో సమాజమందిరము నెలకొల్పి, సబ్బాతు ఆచరించుచున్నారు.

క్రీ.పూ. 722లో అష్షూరువారు చెరగొనిపోయిన ఎఫ్రాయిము గోత్రమే తమ మూలమనియు, పెద్దలు ఆ సంగతి మరుగుపరచి కాపాడిరనియు వీరి మాట. గొడ్డుమాంసము తినుట, మృతులను పాతిపెట్టుట గుర్తులందురు. ఇవి ఇతర మాదిగలలోను కలవు గనుక చరిత్రకు చాలిన రుజువులు కావు. మిజోరాం, మణిపూరులలోని బ్నెయి మెనషె వారిని 2005లో ఇశ్రాయేలు ప్రధాన రబ్బీ ఒకరు అంగీకరించెను. వీరికట్టి అంగీకారము దొరకలేదు.

అయినను వీరిని చూచి నవ్వుట మనకు తగదని మేము తలంచుచున్నాము. ఊరు ఏవగించిన ఆచారములనే వీరు గౌరవచిహ్నములుగా ఎత్తి చూపిరి. మరుగైన పేరు మన చిత్తూరు సంఘములకును క్రొత్త కాదు. 1950 నాటి షెడ్యూల్డు కులముల ఉత్తర్వు ప్రకారము క్రైస్తవుడైన దళితునికి ఆ హక్కులు లేవు. అందువలన గుడిలో ఒక పేరు, కాగితముపై వేరొక పేరు గలవారు మనలో ఎందరు! నూరేండ్ల చరిత్ర వ్రాసుకొను ఈ వేళ, ప్రియులారా, వారు తమ స్వంత పేరుతో నిర్భయముగా కూర్చుండు చోటు మన సంఘములో కలదా అని మొదట చూచుకొందము.