వెబ్ హోస్టింగ్: సొంత యంత్రం నుంచి క్లౌడ్ దాకా

ఎలాంటి హోస్టింగ్ తీసుకోవాలన్న ప్రశ్న వెబ్ పుట్టినప్పుడు లేదు. మొదటి వెబ్‌సైట్ జెనీవా దగ్గరి సెర్న్ పరిశోధనశాలలో, టిమ్ బెర్నర్స్-లీ వాడిన నెక్స్ట్ కంప్యూటర్ మీదే నడిచింది. ఎవరూ పొరపాటున ఆపేయకుండా దానికి హెచ్చరిక చీటీ అంటించారు. 1994లో మొదలైన జియోసిటీస్ అనే సేవ మామూలు జనానికి సొంత సైట్ల కోసం ఉచితంగా చోటిచ్చింది.

అసలు మలుపు, బ్రౌజర్, సర్వర్ మాట్లాడుకునే తీరును నిర్దేశిస్తూ 1997లో వెలువడిన హెచ్‌టీటీపీ 1.1 ప్రమాణం. అంతకుముందు సాధారణంగా ఒక్కో సైట్‌కు ఒక్కో ఐపీ చిరునామా కావలసివచ్చేది. బ్రౌజర్ తాను అడిగే సైట్ పేరును కూడా పంపాలన్న నియమం ఇందులో రావడంతో ఒకే చిరునామా మీద వందల సైట్లు నడపడం వీలైంది. చూడడానికి చిన్న సవరణే గాని, ఒకే సర్వర్‌ను పలు సైట్లు పంచుకునే షేర్డ్ హోస్టింగ్ చవకై చిన్న వ్యాపారులకు అందుబాటులోకి రావడంలో దీని పాత్ర చాలా పెద్దది. అయితే పక్క సైట్‌కు రద్దీ పెరిగితే మిగతావీ నెమ్మదించేవి. స్తోమత ఉన్నవారు తమ ఒక్కరికే కేటాయించే డెడికేటెడ్ సర్వర్‌నే అద్దెకు తీసుకునేవారు. ఒకే యంత్రాన్ని సాఫ్ట్‌వేర్‌తో విడివిడి సర్వర్లుగా పంచే వీపీఎస్ ఈ రెంటి మధ్య ఖాళీని పూరించింది.

2006లో అమెజాన్ తన ఈసీ2 క్లౌడ్ సేవ ద్వారా సర్వర్లను గంటల లెక్కన అద్దెకివ్వడం మొదలుపెట్టింది. రద్దీని బట్టి సర్వర్లను పెంచుకోవడం, తగ్గించుకోవడం అప్పటినుంచే తేలికైంది. ఆ సంస్థ క్లౌడ్ కేంద్రాలు 2016లో ముంబయిలో, 2022లో హైదరాబాద్‌లో ప్రారంభమయ్యాయి.