హైదరాబాద్ నుంచి అండమాన్‌కు ఎంత దూరం? విమానంలో ఎన్ని గంటలు?

అండమాన్ వెళ్లాలనుకునే వాళ్లలో ఎక్కువ మంది ముందు వెతికేది దూరం, ప్రయాణ సమయం. ఇవి సరిగ్గా తెలియకపోతే విమానం దిగాక ఎక్కాల్సిన ఫెర్రీ తప్పిపోవచ్చు. అప్పుడు హోటల్ బుకింగ్ డబ్బులు వృథా అవుతాయి.

దూరం ఎంత?

అండమాన్ రాజధాని పోర్ట్ బ్లెయిర్. 2024 సెప్టెంబర్‌లో కేంద్రం దీని పేరును శ్రీ విజయపురంగా మార్చింది. గగనతల మార్గంలో అక్కడికి దూరం సుమారుగా ఇలా ఉంటుంది.

• విశాఖపట్నం నుంచి: 1,225 కి.మీ.
• కోల్‌కతా నుంచి: 1,300 కి.మీ.
• చెన్నై నుంచి: 1,370 కి.మీ.
• హైదరాబాద్ నుంచి: 1,660 కి.మీ.

విమానంలో ఎంతసేపు?

హైదరాబాద్ నుంచి నేరుగా వెళ్లే విమానానికి దాదాపు రెండున్నర గంటలు పడుతుంది. గంటకు 800 కి.మీ. వేగంతో లెక్కేస్తే రెండు గంటల పైచిలుకే కదా అనిపిస్తుంది. కానీ టికెట్‌పై చూపే సమయంలో రన్‌వే వరకు వెళ్లడం, పైకి ఎగరడం, కిందికి దిగడం కూడా కలిసి ఉంటాయి.

గాలి ప్రభావమూ ఉంటుంది. వర్షాకాలంలో ఎత్తులో తూర్పు నుంచి బలమైన గాలులు వీస్తాయి. అందుకే ఆ నెలల్లో వెళ్లేటప్పుడు కొన్ని నిమిషాలు ఎక్కువ, వచ్చేటప్పుడు కొన్ని నిమిషాలు తక్కువ పట్టవచ్చు. చెన్నైలోనో, కోల్‌కతాలోనో విమానం మారాల్సి వస్తే మొత్తం ప్రయాణం ఐదారు గంటలు దాటవచ్చు.

టైమ్ మార్చుకోవాలా?

అక్కర్లేదు. అక్కడ కూడా భారత ప్రామాణిక సమయమే. అయితే హైదరాబాద్‌తో పోలిస్తే సూర్యుడు దాదాపు గంట ముందే ఉదయించి, అస్తమిస్తాడు. శీతాకాలంలో సాయంత్రం ఐదు గంటలకే చీకటి పడుతుంది.

ఓడలో వెళ్లొచ్చా?

వెళ్లొచ్చు. చెన్నై, కోల్‌కతా, విశాఖపట్నం నుంచి ప్రయాణికుల ఓడలు ఉన్నాయి. ప్రయాణం రెండున్నర నుంచి మూడు రోజులు. విశాఖ నుంచి సర్వీసులు తక్కువ, తేదీలూ మారుతుంటాయి. కాబట్టి షెడ్యూల్ చూశాకే సెలవు పెట్టుకోవాలి.

ఇవి గుర్తుంచుకోండి

• హావ్‌లాక్ (స్వరాజ్ ద్వీప్)కు పర్యాటకులు ఎక్కువగా ఫెర్రీలోనే వెళ్తారు. మధ్యాహ్నం దాటితే ఫెర్రీలు తగ్గిపోతాయి. అదే రోజు వెళ్లాలంటే ఉదయం దిగే విమానం ఎంచుకోండి.
• తిరుగు ప్రయాణానికి ముందు రోజు రాత్రి పోర్ట్ బ్లెయిర్‌లోనే బస చేయండి. సముద్రం అల్లకల్లోలంగా ఉంటే ఫెర్రీలు రద్దవుతాయి. విమానం మాత్రం మీ కోసం ఆగదు.
• వాతావరణం బాగోలేకపోతే విమానాలు దిగకుండానే వెనుదిరిగే అవకాశం ఉంది. వర్షాకాలంలో ఒక రోజు అదనంగా చేతిలో ఉంచుకోండి.
• భారతీయులకు పాస్‌పోర్ట్ అవసరం లేదు. ఫొటో ఉన్న గుర్తింపు కార్డు చాలు.