బరువు దిగిన చార్జర్

గోడ ప్లగ్గులో ఉండేది 230 వోల్టుల ఏసీ కరెంటు. సెకనుకు 50 సార్లు అటూ ఇటూ ఊగుతుంది. సెల్‌ఫోన్ బ్యాటరీకి కావలసింది నాలుగు వోల్టుల దరిదాపుల్లో ఉండే డీసీ. వోల్టేజీని దించడం, ఊగే కరెంటును ఒకే దిశకు మళ్లించడం చార్జర్ పని.

చేతిలో పట్టుకుని మాట్లాడగలిగే తొలి సెల్‌ఫోన్ మోటరోలా డైనాటాక్ 1983లో అమెరికా మార్కెట్‌లోకి వచ్చింది. దాని నికెల్ కాడ్మియం బ్యాటరీ నిండడానికి సుమారు 10 గంటలు పట్టేది, మాట్లాడుకోవడానికి అరగంట దక్కేది. ఆ తరం చార్జర్లలో చాలావాటి లోపల ఇనుప రేకుల ట్రాన్స్‌ఫార్మర్ ఉండేది. మైకేల్ ఫారడే 1831లో కనుగొన్న విద్యుదయస్కాంత ప్రేరణే దానికి ఆధారం. ఎక్కువ చుట్లున్న తీగ నుంచి తక్కువ చుట్లున్న తీగకు శక్తి చేరేసరికి వోల్టేజీ పడిపోతుంది. నాలుగు డయోడ్లు ఆ కరెంటును ఒకే దిశలో నడిపిస్తే, కెపాసిటర్ దాని ఎగుడుదిగుళ్లను చదును చేస్తుంది. అయితే సెకనుకు 50 ఊపులే కాబట్టి ఒక్కో ఊపులో దాటవలసిన శక్తి ఎక్కువ. అందుకే అంత ఇనుము, అంత బరువు.

స్విచింగ్ పద్ధతి ఈ వరసను తిరగేసింది. 1977 నాటి ఆపిల్ 2 కంప్యూటర్‌లో వాడిన ఈ పద్ధతి తర్వాత ఫోన్ చార్జర్లలోకీ వచ్చింది. ఇందులో ముందుగా ఏసీ దాదాపు 325 వోల్టుల డీసీగా మారుతుంది. ఒక ట్రాన్సిస్టర్ దాన్ని సెకనుకు వేల, లక్షల సార్లు తెంచి కలుపుతుంది. ఒక్కో విడతలో దాటే శక్తి కొద్దిపాటిదే కనుక చిన్న ఫెర్రైట్ ట్రాన్స్‌ఫార్మర్ సరిపోతుంది. బయటికొచ్చే వోల్టేజీ ఎంతుందో చాలా చార్జర్లలో ఆప్టోకప్లర్ కాంతి రూపంలో వెనక్కి చేరవేస్తుంది. హైవోల్టేజీ భాగానికీ మనిషి చేయి తగిలే భాగానికీ మధ్య తీగ సంబంధం ఉండదు. ప్రాణరక్షణ అక్కడే ఉంది. 100 నుంచి 240 వోల్టుల దాకా తట్టుకునేలా చేసిన చార్జర్, పిన్నులు కుదిరితే, హైదరాబాద్‌లోనూ అమెరికాలోనూ పనిచేస్తుంది.

సోనీ 1991లో మార్కెట్‌లోకి తెచ్చిన లిథియం అయాన్ బ్యాటరీకి మరింత జాగ్రత్త అవసరమైంది. మోతాదు మించి చార్జ్ చేస్తే అది వేడెక్కి అంటుకునే ప్రమాదముంది. ఫోన్‌లోని సర్క్యూట్ మొదట స్థిరమైన కరెంటును పంపి, వోల్టేజీ పరిమితికి, సాధారణంగా 4.2 వోల్టులకు, చేరగానే కరెంటును క్రమంగా తగ్గిస్తుంది. చివరి శాతాలు నెమ్మదిగా నిండడానికి కారణం ఇదే.

2012లో వచ్చిన యూఎస్‌బీ పవర్ డెలివరీ ప్రమాణంతో చార్జర్, ఫోన్ సంప్రదించుకోవడం మొదలైంది. తాను ఇవ్వగల వోల్టేజీలను చార్జర్ తెలుపుతుంది, తనకు తగినదాన్ని ఫోన్ ఎంచుకుంటుంది. సిలికాన్ స్థానంలో గాలియం నైట్రైడ్ ట్రాన్సిస్టర్లు వచ్చాక స్విచింగ్ వేగం పెరిగింది, వృథా వేడి తగ్గింది. 65 వాట్ల చార్జర్ అరచేతిలో ఇమిడింది.

కంపెనీకో పిన్ను ఉన్న రోజులూ ముగుస్తున్నాయి. యూరప్‌లో ప్రధాన తయారీదారులు 2009లో మైక్రో యూఎస్‌బీకి ఒప్పుకున్నారు. 2014లో యూఎస్‌బీ టైప్-సి రూపుదిద్దుకుంది. యూరోపియన్ యూనియన్‌లో అమ్మే కొత్త ఫోన్లకు 2024 డిసెంబర్ 28 నుంచి టైప్-సి తప్పనిసరి అయింది. ఫోన్ మారినా పాత చార్జర్‌నే వాడుకోగలిగితే చెత్తకుప్పకు చేరే ప్లాస్టిక్, రాగి ఆ మేరకు తగ్గుతాయి.