వంకలోని పూవు, పట్టులోని పూవు

అనంతపురము సీమలో ఏరనగానే మనకు స్ఫురించునది నీరు కాదు, ఇసుక. సాలుకు సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడు ఈ పీఠభూమిలో చిత్రావతి పారు దినములు కొద్ది. చినుకు పడిన యేడు చెరువులలో తామరలు, కలువలు విచ్చును. వంకల గట్లపై తంగేడు పసుపుపచ్చగా విరియును. ఎండలు ముదిరిన కొలది అంతయు మాయమగును.

ఆ పూవును వాడనీయక నిలిపినవారిలో మొదటివాడు శిల్పి. అచ్యుతదేవరాయల (1529-1542) కాలమున విరూపణ్ణ, వీరణ్ణ సోదరులు లేపాక్షిలో కట్టించిన వీరభద్రాలయమునకు పోయి చూతము. లతామంటపపు స్తంభములపై తీగలు, మొగ్గలు, రేకులు విప్పిన పద్మములు వరుసలు తీరియున్నవి. కప్పు మీది చిత్రములలో స్త్రీలు కట్టిన చీరలను చూచినచో, చారలు, గళ్లు, పూలు కలిసి ఆనాటి నేతకు ఒక పట్టికవలె నుండును. కావి, పసుపు, నలుపు, తెలుపు, ఆకుపచ్చ వర్ణములు అందు పుష్కలము. నీలము మాత్రము బహు అరుదు. కలువలెరిగిన చేతికి ఆ రంగేల చిక్కలేదో!

ధర్మవరపు పట్టుచీర అంచులోని పూవును నేతగాడు ఏటి ఒడ్డున చూచి నేసెననుట వినసొంపుగానే యుండును. కాని అది ముందు రాతిలో పూచి, పిదప మగ్గమెక్కెనని మా తలంపు. లేపాక్షి స్తంభముల నమూనాలను చీరలపై నేయుట నేటికిని కలదు. శిల్పి చెక్కిన పూవు ఒకే కొలతతో మరల మరల వచ్చును. నేతకు కావలసినదియు అదియే. ఆ పూవును గళ్ల కాగితముపై ఎత్తి, గడిననుసరించి అట్టలకు రంధ్రములు పొడిచి, జకార్డుకు తగిలింతురు. రంధ్రమున్నచోట పడుగు పోగు లేచును, దాని క్రిందుగా సరిగ సాగును. గుండ్రని రేకు ఇందు మెట్లుమెట్లుగా విరిగిపోవును; కొంత దూరము జరిగి చూచిననే మరల రేకగును.

1985 నాటి చట్టము కొన్ని రకముల చీరలను చేతిమగ్గమునకే కేటాయించినది. అయినను అదే పూవును మరమగ్గము చౌకగా దింపుచున్నది. అంగడిలో ఆ రెండింటిని ప్రక్కప్రక్కన పరచిన, భేదము కనిపెట్టగలవారు మనలో ఎందరు? మేమును ఒకమారు మోసపోయితిమి.

మరియొక చిక్కు వినుడు. మగ్గము పాతిన గుంట నేలకంటె దిగువ. మంచి వాన కురిసి వంకలో పూలు విచ్చు దినములలో, ఆ గుంటలో ఊట యూరి తడియెక్కును. నేతగాడు నేత నాపి, గుంటలోని నీరు తోడుకొనుచుండును.